కాలేజీ తెరిచారు, కబడ్డీ ప్రాక్టీస్‌కి కూడా రమ్మంటున్నారు. చెల్లిని పంపాలా వద్దా?

చిట్టినగర్ అన్న
2020 నవంబరు 18

అందరికీ నమస్తే. మాది విజయవాడ. మా చెల్లి డిగ్రీ సెకండియర్, కాలేజీ కబడ్డీ టీమ్‌లో రైడర్, అంటే కూతకి వెళ్లేది. కరోనా వల్ల మూసిన కాలేజీలు ఈ నెల 2 నుంచి తెరిచారు కదా, వాళ్ల కాలేజీలో సగం మందిని ఒక రోజు, మిగతా సగాన్ని మర్నాడు రమ్మంటున్నారు. క్లాసులకు పంపడానికే ఇంట్లో చాలా చర్చ జరిగింది, చివరికి నాన్న ఎలాగో ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆటలు నేర్పే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడమ్ ఫోన్ చేసి వచ్చే సోమవారం నుంచి పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి రమ్మన్నారు. పోటీలు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు, కానీ పెట్టే రోజుకి పిల్లలు ఊపిరి అందక కూలబడకూడదు, ఇప్పటి నుంచే ఒళ్లు దారిలో పెట్టాలి అని ఆవిడ మాట.

ఇంట్లో మా నానమ్మకి డెబ్బై దాటాయి, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రెండు గదుల పోర్షన్, చెల్లీ నానమ్మా ఒకే గదిలో పడుకుంటారు. కాలేజీ బందరు రోడ్డు వైపు, ఇక్కడి నుంచి షేర్ ఆటోలోనే వెళ్లాలి, అందులో ఎంతమందిని కుక్కుతారో మీ అందరికీ తెలుసు.

నాన్న ఏమంటారంటే చదువు తప్పదు కాబట్టి క్లాసుకి పంపుదాం, ఆట ఇప్పుడు అవసరమా, అది మానేస్తే రిస్కు సగం తగ్గుతుంది కదా అని. చెల్లి మాత్రం మార్చి నుంచి మేడ మీద స్కిప్పింగ్, స్క్వాట్స్ చేసుకుంటూ ఈ రోజు కోసమే ఎదురు చూస్తోంది, అది కూడా వద్దంటే మాట్లాడటం మానేసింది. స్కూళ్లు తెరిచిన మూడు రోజుల్లో 262 మంది పిల్లలకి, దాదాపు 160 మంది టీచర్లకి పాజిటివ్ అని పేపర్లో చూసిన దగ్గర్నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది. నిజంగా ఆట మానిపిస్తే రిస్కు తగ్గుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.


బెంజ్ సర్కిల్ నాన్న

తమ్ముడూ, నాకూ ఇద్దరు పిల్లలు. ఒక్క ఏడాది ఆడకపోతే ఏం పోతుంది చెప్పు? ఆగస్టు, సెప్టెంబరులో మన రాష్ట్రంలో రోజుకి పదివేల కేసులు చూశాం. ఇప్పుడు రెండు వేలకి అటూ ఇటూ వచ్చాయని అందరూ మాస్కులు గడ్డం కిందకి దించేశారు. టోక్యో ఒలింపిక్సే ఏడాది వాయిదా వేసుకున్నారు, కాలేజీ కబడ్డీ ఆగకూడదా? ముసలావిడ ఉన్న ఇల్లు. క్లాసులు కూడా ఆన్‌లైన్‌లోనే వినమను, అటెండెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.


కొరిటెపాడు పీడీ

నేను గుంటూరులో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. బెంజ్ సర్కిల్ గారి భయాన్ని నేను కాదనను, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు అలాగే ఆలోచిస్తారు. కానీ ఒక విషయంలో మాత్రం గట్టిగా విభేదిస్తాను. ప్రతి కాలేజీలోనూ జరుగుతున్నది ఇదే: ముందు క్లాసులు తెరుస్తారు, తర్వాత ల్యాబులు, తర్వాత హాస్టలు, అన్నీ అయ్యాక ఎప్పుడో గ్రౌండు. అంటే తలుపులు, కిటికీలు ఉన్నవన్నీ ముందు తెరిచి, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోటుకి చివర్లో తాళం తీస్తున్నాం. నా ఉద్దేశంలో అది పూర్తిగా తలకిందుల పద్ధతి.

యూనివర్సిటీలని పర్యవేక్షించే యూజీసీ ఈ నెల 5న ఇచ్చిన మార్గదర్శకాలు చదవండి. ఒకసారికి సగం మందికి మించి విద్యార్థులు ఉండకూడదు, వారానికి ఆరు రోజులు నడుపుకోవచ్చు, హాస్టళ్లు తప్పనిసరి అయితేనే తెరవాలి, గదులు పంచుకోనివ్వకూడదు అని ఉంది. ఆటలు వద్దని లేదు. సభలు, సాంస్కృతిక కార్యక్రమాలు మానుకోమన్నారు, దూరం పాటించడం కుదిరే ఆటలకు మాత్రం హోంశాఖ నిబంధనలకు లోబడి వీలిచ్చారు. మే నెలలో నాలుగో లాక్‌డౌన్ అప్పుడే ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పింది. కాబట్టి మీ పీడీ మేడమ్ చేస్తున్నది రూల్సుకి విరుద్ధం కాదు.

అయితే 'దూరం పాటించడం కుదిరే' అన్న మాట దగ్గరే కబడ్డీ వాళ్లకి అసలు చిక్కు. ప్రాక్టీస్ అంటే ఏం చేయిస్తారో ముందు అడగండి. మా అమ్మాయిల చేత ఇప్పుడు నేను పరుగు, షటిల్ రన్, బోనస్ లైన్ దగ్గర కాలు వేసి వెనక్కి లాగడం, ఎదురుగా మనిషి లేకుండా టో టచ్ (కాలి వేళ్లతో తాకడం), డుబ్కీ (డిఫెండర్ల చేతుల కింద నుంచి దూరిపోవడం) కోసం నడుం వంచే కసరత్తు, ఇవే చేయిస్తున్నాను. రైడర్‌ని పట్టుకోవడం లేదు, చేతులు కలిపి చైన్ కట్టడం లేదు. ఆరుగురు ఒక గుంపు, ఆ ఆరుగురు ఎప్పుడూ ఆ ఆరుగురే, గుంపులు కలవవు. కోర్టులో ఒక్కొక్కరే రైడ్ చేసి వస్తారు. విజిల్ నోట్లో పెట్టుకోవడం కూడా మానేసి చప్పట్లతోనే నడిపిస్తున్నాను. పిల్లలకి విసుగ్గానే ఉంటుంది, మ్యాచ్ ఎప్పుడు సార్ అని రోజూ అడుగుతారు. కానీ ఎనిమిది నెలలు కూర్చున్న కాళ్లకి నేరుగా మ్యాచ్ పెడితే కరోనా కంటే ముందు మోకాలు పోతుంది.


పటమట డిఫెండర్

బెంజ్ సర్కిల్ గారూ, మీరు పెద్దవారు, మర్యాదగానే చెబుతున్నాను. "ఒక్క ఏడాది ఆడకపోతే ఏం పోతుంది" అన్నది మగపిల్లల విషయంలో నిజం కావచ్చు. నేను కాలేజీ రోజుల్లో కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడేదాన్ని, ఇప్పటికీ చుట్టుపక్కల ఆడపిల్లల టీములతో టచ్‌లో ఉంటాను. ఈ లాక్‌డౌన్‌లో ఏం జరిగిందో దగ్గర్నుంచి చూశాను. కాలేజీ మూసేశారు, అమ్మాయి ఇంట్లోనే ఉంటోంది, పెళ్లికి యాభై మందికి మించి పిలవక్కర్లేదు కాబట్టి ఖర్చూ తక్కువ, సంబంధం చూసేద్దాం అన్నారు. మంచి మంచి ప్లేయర్లు అలా వెళ్లిపోయారు. వాళ్లలో మళ్లీ గ్రౌండ్‌కి వచ్చేవాళ్లు ఎవరో నాకైతే కనిపించడం లేదు. డిగ్రీ మూడేళ్లే. అందులో ఒక ఏడాది పోయిందంటే యూనివర్సిటీ జట్టుకి ఎంపికయ్యే అవకాశం, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్టు, దాని మీద పెట్టుకున్న ఉద్యోగం ఆశ కూడా దాంతో పాటే పోతాయి. అబ్బాయిలు సాయంత్రం అయితే ఏ ఖాళీ స్థలంలోనో క్రికెట్ ఆడుకుంటూనే ఉన్నారు, వాళ్లని ఎవరూ ఆపలేదు. కాలేజీ గ్రౌండ్ మూస్తే ఆట నిజంగా ఆగిపోయేది ఆడపిల్లలకే.

చిట్టినగర్ అన్నా, చెల్లి మేడ మీద ఒంటరిగా స్కిప్పింగ్ చేసుకుంటూ ఇన్ని నెలలు నిలబడిందంటే ఆ పిల్లకి ఆట మీద ఎంత పట్టుదల ఉందో చూడండి. నానమ్మగారిని కాపాడుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ దానికి దారి ఆట మానిపించడమేనా అన్నది ఒక్కసారి ఆలోచించండి.


డ్యూటీ డాక్టర్, గుంటూరు

కొవిడ్ వార్డులో పనిచేస్తున్నాను, నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి కొంచెం ముందూ వెనకా అవ్వొచ్చు.

ముందు ఆ 262 సంగతి. స్కూళ్లు తెరిచింది 2న, లెక్క వచ్చింది మూడు రోజులకి. వైరస్ ఒంట్లోకి వచ్చాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు, మామూలుగా అయిదు రోజులు పడుతుంది. కాబట్టి వాళ్లలో ఎక్కువమంది దాన్ని బడిలో అంటించుకున్నవాళ్లు కాదు, ఇంటి నుంచి తెచ్చుకున్నవాళ్లు. పైగా అప్పటికి బడికి వస్తున్న పిల్లలు దాదాపు 4 లక్షలు, అందులో 262 అంటే 0.1 శాతం కూడా కాదు. ఇది చూసి ధైర్యంగా ఉండమనడం లేదు. కాలేజీలోకి జబ్బు రోజూ బయట నుంచి నడిచి వస్తూనే ఉంటుంది, వచ్చాక లోపల అది ఎక్కడ పాకుతుంది అన్నదే మనం పట్టించుకోవాలి.

పాకేది గాలి ఆడని గదిలో, దగ్గర దగ్గరగా, గట్టిగా మాట్లాడుతూ ఎక్కువసేపు ఉన్నప్పుడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా మూసిన గదుల్లో గాలి ద్వారా సోకే అవకాశం ఉందని అక్టోబరులో రాసింది. ఆటల వాళ్లకి దక్షిణ కొరియాలో జరిగింది తెలియాలి. చొనాన్ అనే ఊరి చుట్టుపక్కల 12 జిమ్ముల్లో జుంబా లాంటి డాన్స్ క్లాసుల వల్ల 112 మందికి సోకింది. చిన్న గది, గట్టి పాట, ఆయాసపడుతూ ఎగరడం. వాళ్లకి నేర్పిన వాళ్లలోనే ఒకరు ఏడెనిమిది మందికి యోగా, పిలాటిస్ కూడా చెప్పేవారు, ఆ నెమ్మదైన క్లాసులో ఎవరికీ రాలేదు. అంటే వ్యాయామం చేయడమే ప్రమాదం కాదు, ఇరుకు గదిలో ఎంతమంది ఎంత ఆయాసపడుతున్నారు అన్నది ప్రమాదం.

కబడ్డీలో కూత ఉంది, నాకు దాని గురించే భయం. ముప్ఫై సెకన్లు ఆపకుండా గట్టిగా ఊపిరి వదులుతూ, అడుగు దూరంలో ఉన్న నలుగురి మొహాల మీదకి వెళ్లడం అది. ఆరుబయట అయినా సరే, ప్రస్తుతానికి కూత పెట్టి రైడ్ చేయడం, పట్టుకోవడం రెండూ వద్దు. పీడీ గారు చెప్పినట్టు విడివిడిగా చేసే పరుగు, కాళ్ల కసరత్తు మాత్రం బయట గ్రౌండ్‌లో నిక్షేపంగా చేయవచ్చు. పరిగెత్తేటప్పుడు మాస్కు పెట్టుకోనక్కర్లేదు, దూరం ఉంటే చాలు. ఆగి మాట్లాడుకునేటప్పుడు మాత్రం ముక్కు మీదకి ఉండాలి. ఇండోర్ హాల్లో మ్యాట్ మీద చేయిస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ అడగలేదు. టీమ్‌లో ఇప్పటికే కరోనా వచ్చి తగ్గిన పిల్లలు ఉంటారు. తగ్గింది కదా అని మొదటి రోజే స్ప్రింట్లు పెట్టకూడదు. ఈ వైరస్ కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తోంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కోలుకున్న 26 మంది కాలేజీ ఆటగాళ్లకి గుండె ఎంఆర్ఐ తీస్తే నలుగురిలో అలాంటి వాపు కనిపించింది, ఆ 26 మందిలో ఒక్కరూ ఆసుపత్రిలో చేరినవాళ్లు కాదు. చాలా చిన్న లెక్క అది, దాన్ని చూసి ప్రతి పిల్లకీ ఎంఆర్ఐ అనవద్దు. కానీ ఐసోలేషన్ అయ్యాక లక్షణాలు పూర్తిగా పోయాకే మొదలుపెట్టి, నడక, తర్వాత మెల్లటి పరుగు, ఆ తర్వాత వేగం, ఇలా కనీసం వారం పైన తీసుకుని పెంచాలి. మధ్యలో గుండెల్లో నొప్పి, దడ, కళ్లు తిరగడం, మామూలుకి మించిన ఆయాసం ఏది వచ్చినా ఆపేసి ఈసీజీ తీయించాలి. ఇది కోచ్‌లకి తెలియకపోతే కష్టం.


మిషిగన్ తెనాలి అమ్మాయి

తెనాలి నుంచి వచ్చి ఇక్కడ మిషిగన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఈ ఏడాది ఇక్కడి కాలేజీలు ఇదే విషయంలో ఎంత తడబడ్డాయో కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే టీవీ డబ్బు కోట్ల డాలర్లు. మా వైపు యూనివర్సిటీలు ఉండే బిగ్ టెన్ లీగ్ ఆగస్టు 11న ఈ సీజన్ వాయిదా వేస్తున్నామని చెప్పింది, సెప్టెంబరు 16కల్లా మనసు మార్చుకుని అక్టోబరు చివరి నుంచి ఆడుతోంది. కానీ ఆడటానికి వాళ్లు పెట్టుకున్న షరతులు చూడండి: ప్రతి ఆటగాడికీ రోజూ యాంటిజెన్ టెస్టు, పాజిటివ్ వస్తే గుండె పరీక్షలన్నీ అయ్యి 21 రోజులు గడిచాకే మళ్లీ మ్యాచ్. అయినా మ్యాచ్‌లు రద్దవుతూనే ఉన్నాయి. డాక్టర్లు, ల్యాబులు, డబ్బు అన్నీ ఉన్నచోట ఇదీ పరిస్థితి. హార్వర్డ్, యేల్ ఉండే ఐవీ లీగ్ వాళ్లు మొన్న 12వ తేదీన చలికాలం ఆటలు మొత్తం రద్దు చేసుకున్నారు.

క్యాంపస్‌ల సంగతి ఇంకా ముఖ్యం. నార్త్ కరోలైనాలో చాపెల్ హిల్ యూనివర్సిటీ ఆగస్టు 10న క్లాసులు మొదలుపెట్టి వారం తిరిగేసరికే, 17న, డిగ్రీ క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి మారుస్తున్నామని చెప్పేసింది. అక్కడ బయటపడ్డ మొదటి క్లస్టర్లు మూడు హాస్టల్ భవనాల్లో, ఒక ఫ్రాటర్నిటీ (విద్యార్థుల క్లబ్బు) ఇంట్లో. క్లాస్‌రూమ్‌లో కాదు, గ్రౌండ్‌లో కాదు. పిల్లలు కలిసి పడుకునే, కలిసి తినే చోట.

మన దగ్గర రోజూ టెస్టులు చేయించే కాలేజీ ఎక్కడా ఉండదు. అందుకే మ్యాచ్‌లు ఇప్పుడే వద్దు, వేరే ఊరి టీమ్‌తో అసలే వద్దు. పొద్దున పూట సొంత గ్రౌండ్‌లో చిన్న గుంపు ప్రాక్టీస్ మాత్రం వేరే విషయం, దాన్ని పోటీలతో కలిపి చూడకండి.


రేపల్లె ప్యాసింజర్

పైన అక్క హాస్టల్ అన్నారు కాబట్టి నేనూ చెప్పాలి. నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, వాలీబాల్ ఆడతాను. మార్చి నుంచి ప్యాసింజర్ రైళ్లు తిరగడం లేదు, రేపల్లె వైపు నుంచి రోజూ రావాలంటే బస్సుకి రానూపోనూ అయ్యే ఖర్చు మా నాన్న భరించలేరు, అందుకని హాస్టల్లో చేరాను. గదులు పంచుకోకూడదని యూజీసీ రాసిందని ఇక్కడ చదివాకే తెలిసింది. మా గదిలో నాలుగు మంచాలు, నలుగురం ఉన్నాం. రాత్రి దోమలకని కిటికీ మూసేస్తాం. మెస్‌లో ఒకే బెంచీ మీద మోచేతులు తగులుతూ తింటాం. బకెట్లు, మగ్గులు అన్నీ ఉమ్మడి. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లని 14 రోజులు విడిగా ఉంచాలని కూడా ఉందట, మమ్మల్ని గేటు దగ్గర థర్మామీటర్ గన్‌తో నుదురు చూసి లోపలికి పంపేశారు. కానీ గ్రౌండ్‌కి మాత్రం తాళం. సాయంత్రం గేటు అవతల నుంచి ఖాళీ వాలీబాల్ కోర్టు చూస్తూ, తిరిగి ఆ నలుగురి గదిలోకే వెళ్లి కూర్చోవాలి. ఆరుబయట రెండు గంటలు ఆడుకుంటే వచ్చే ప్రమాదం ఆ గదిలో పది గంటలు ఉంటే వచ్చేదానికంటే ఎక్కువా? డాక్టరు గారు చెప్పాలి.


డ్యూటీ డాక్టర్, గుంటూరు

గది వల్లే ఎక్కువ తమ్ముడూ, సందేహమే లేదు. దోమతెర కొనుక్కుని కిటికీ తెరిచి పడుకోండి, ఇప్పటికిప్పుడు మీ చేతిలో ఉన్నది అదొక్కటే. మంచాలు ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేలా తిప్పుకోండి. ఎవరికైనా జ్వరం వస్తే, వాసన తెలియకపోతే దాచుకోకుండా అదే రోజు టెస్టుకి వెళ్లాలని నలుగురూ ముందే మాట అనుకోండి.


బెంజ్ సర్కిల్ నాన్న

అందరూ చెప్పింది చదివాను. పటమట అమ్మాయి చెప్పిన పెళ్లిళ్ల సంగతి నేను ఆలోచించని కోణం, నిజమే. కానీ నా అనుమానం నాది. గ్రౌండ్‌లో దూరం పాటిస్తారు సరే, ప్రాక్టీస్ అయ్యాక? మా ఇంటి దగ్గర్లోనే పొద్దున ఎనిమిదికి టిఫిన్ బండి ముందు ఆడుకొచ్చిన పిల్లలు పదిమంది ఒకే బెంచీ మీద మాస్కులు జేబులో పెట్టుకుని, ఒకే నీళ్ల సీసా అందరూ తాగుతూ, ఒకరి ప్లేట్లో పెసరట్టు ఇంకొకరు తుంచుకుంటూ కనిపిస్తారు. ఇప్పుడు కార్తీక మాసం, టీమంతా కలిసి వనభోజనాలకి వెళ్దాం అంటారు. ఇవన్నీ ఏ పీడీ ఆపగలరు?


కొరిటెపాడు పీడీ

సార్, మీరు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. నేను ఆపలేను, నిజమే, గేటు దాటాక నా మాట చెల్లదు. అందుకే గేటు లోపలే ముగించేస్తాను. ఉడికించిన గుడ్డు, అరటిపండు కాలేజీ నుంచే ఇప్పించి, ఆరుబయట దూరంగా కూర్చోబెట్టి తినిపించి, ఒక్కో గుంపునీ పదేసి నిమిషాల తేడాతో పంపుతున్నాను. ఎవరి సీసా వాళ్లది, పేరు రాసి ఉండాలి, మర్చిపోయి వస్తే ఆ రోజు ప్రాక్టీస్ లేదు. వనభోజనాల మాట ఎత్తితే ఈసారికి వద్దని ముందే చెప్పేశాను. ఐపీఎల్ వాళ్లు దుబాయ్ దాకా వెళ్లి, బయటివాళ్లతో కలవకుండా బయో బబుల్ పెట్టుకున్నా చెన్నై జట్టులో ఆటగాళ్లు, సిబ్బంది కలిపి 13 మందికి వచ్చింది. మనకి బబుల్ ఎక్కడిది, ఇలాంటి చిన్న చిన్న కట్టుబాట్లే దిక్కు.


చిట్టినగర్ అన్న

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను, హాస్టల్ తమ్ముడు రాసింది విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. మేం అనుకున్నది ఇది. క్లాసులు ఉన్న రోజుల్లోనే ప్రాక్టీస్, మిగతా రోజులు మేడ మీదే. షేర్ ఆటో వద్దు, పొద్దున నేనే బండి మీద దింపి డ్యూటీకి వెళ్తాను, సాయంత్రం క్లాసు అయ్యాక నాన్న తీసుకొస్తారు. నానమ్మని ముందు గదిలోకి మారుస్తున్నాం, చెల్లి ఇంటికి రాగానే స్నానం చేసేదాకా ఆ గదిలోకి వెళ్లదు, అన్నం కూడా విడిగానే. నానమ్మకి ఇదంతా నచ్చలేదు, మనవరాలు పక్కన లేకపోతే నిద్ర పట్టదంటోంది, మెల్లగా సర్దిచెబుతున్నాం.

శనివారం నలుగురం పేరెంట్స్ వైపు వాళ్లం కలిసి పీడీ మేడమ్‌నీ ప్రిన్సిపాల్ గారినీ కలుస్తున్నాం. కూత, పట్టు ఉండకూడదు, ఇండోర్ వద్దు, గుంపులు మారకూడదు, జబ్బు తగ్గిన పిల్లల్ని డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచాలి, ఇవి లెటర్‌లో రాశాం. ఇంకేమైనా ఉంటే శుక్రవారం రాత్రిలోపు చెప్పండి.


పటమట డిఫెండర్

అన్నా, ఒకటి తప్పకుండా రాయండి. అమ్మాయిలు డ్రెస్ మార్చుకునే గది. చాలా కాలేజీల్లో అది కిటికీ లేని స్టోర్ రూమే, మ్యాట్లు, నెట్లు పడేసిన చోట ఎనిమిది మంది ఒకేసారి దూరతారు. గ్రౌండ్‌లో పాటించిన దూరమంతా అక్కడే పోతుంది. ప్రాక్టీస్ గంటల్లో కిటికీలున్న క్లాస్‌రూమ్ ఒకటి గడియ పెట్టుకునేలా వాళ్లకి ఇమ్మనండి, ఇద్దరిద్దరుగా వెళ్తారు. మగవాళ్లు రాసే లెటర్లో ఇది గుర్తుకు రాదని చెబుతున్నాను. మీటింగ్‌కి చెల్లిని కూడా తీసుకెళ్లండి, ఆ గది సంగతి తనే చెప్పగలదు.